ఫ్లోరెన్స్ తిరిగొచ్చిన పాత బూట్లు, చౌరస్తా తాత కుట్టు

మా ఆర్కిటెక్చర్ బ్యాచ్ స్టడీ టూర్‌కి ఎనిమిది రోజులు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉన్నాం. పాత ఊరంతా కాలినడకే. స్కెచ్ పుస్తకం, టేపు పట్టుకుని పొద్దున బయల్దేరితే గదికి చేరేసరికి చీకటి పడేది. నా కాళ్లకున్నవి మూడేళ్ల పాత తోలు బూట్లు. వాటికి కొత్త సోల్ వేసింది హనుమకొండ చౌరస్తా దగ్గర రోడ్డు పక్కన కూర్చునే తాత. ఈ రివ్యూ ఆయన పని గురించే.

ముందు ఒక షోరూమ్‌లో కొత్త షూస్ కొన్నాను. ఖిలా వరంగల్ తోరణాల మధ్య ఒక్క పూట తిరిగేసరికి మడమలు బొబ్బలెక్కాయి. దాంతో పాతవే తాత దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏడ నడుస్తవ్ బిడ్డా?"

"రాతి పలకల బాటలు తాతా, వానొస్తే జారుతయట."

చేతిలో ఉన్న నున్నటి సోల్ పక్కన పెట్టి, గాట్లున్న రబ్బరు షీటు తీశాడు. గమ్ పెట్టి వదిలెయ్యలేదు. అంచు చుట్టూ మైనం పట్టించిన దారంతో కుట్టాడు. ప్రతి కుట్టుకీ దారాన్ని రెండు చేతులా బిగలాగి, సుత్తితో ఒకసారి తట్టేవాడు. మడమ దగ్గర లోపల అరిగిందని, నేను అడక్కుండానే మెత్తటి తోలుముక్క అతికించాడు. మొత్తం 350 రూపాయలు.

అసలు పరీక్ష అక్కడి పెద్ద చర్చి గోపురం దగ్గర. 463 మెట్లు, లిఫ్టు లేదు. 1420 నుంచి 1436 వరకు బ్రూనెల్లెస్కీ అనే ఆర్కిటెక్ట్ కట్టించిన ఆ గోపురానికి రెండు పొరలు. మెట్లు ఆ రెండింటి సందులోంచే పైకి పోతాయి. ఒకచోట ఆగి గోడ తడిమి చూశాను. పడుకోబెట్టిన ఇటుకల మధ్య నిలబెట్టిన ఇటుకలు చేపముల్లులా మెలిక తిరుగుతూ పోతున్నాయి. నేల నుంచి చెక్క ఊతలు లేకుండా అంత గోపురం లేవడంలో ఆ అల్లికది పెద్ద పాత్ర. నాకు రామప్ప గుడి విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, గుర్తొచ్చింది. పైబరువు తగ్గించడానికి మనవాళ్లు తేలిక ఇటుకలు వాడిన గుడి అది, 1213 నాటిది!

మర్నాడు ఇన్నొచెంతి అనాథాశ్రమం వసారాని అడుగులతో కొలిచాం. స్తంభాల మధ్య దూరం, లోపలికి లోతు రెండూ ఒకటే. స్తంభం ఎత్తూ అంతే. సాయంత్రం వాన పడింది. తడి రాళ్ల మీద మావాళ్లు ఇద్దరు జారారు, నా పట్టు మాత్రం వదల్లేదు.

లోపం ఒక్కటే. రెండు రోజులన్నవాడు నాలుగో రోజు ఇచ్చాడు, ప్రయాణం దగ్గరపడి చాలా టెన్షన్ పడ్డాను. ఊరెళ్లే పని ఉంటే పది రోజుల ముందే ఇవ్వండి. దారం రంగు కూడా ముందే చెప్పండి, నా నల్ల బూట్లకి గోధుమరంగు కుట్టు పడింది.