పర్లాకిమిడిలో ఒక చిన్న బడి: మూడేళ్ల అనుభవం

మా అబ్బాయి అయిదో తరగతి పూర్తి చేసిన తరువాత అతన్ని ఒడిశాలోని పర్లాకిమిడి శివారులో ఉన్న ఒక చిన్న బడిలో చేర్పించాము. మొన్న మార్చితో అక్కడ ఎనిమిదో తరగతి ముగిసింది. ఆ బడిలో అంతకు మించిన తరగతులు లేవు. అక్కడ పిల్లలను వేయవచ్చునా అని మా ఊరి నుంచీ, సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచీ కూడా కొందరు అడుగుతున్నందున చూసినది చూసినట్లు రాస్తున్నాను. లోపాలు కూడా రాయవలసి ఉన్నది కనుక బడి పేరు మాత్రం రాయడం లేదు.

మొత్తం 60 మంది పిల్లలు, 6 గురు ఉపాధ్యాయులు. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులను కలిపి జట్లు చేసి, ఏడాదికి రెండు ప్రాజెక్టులు ఇస్తారు. ప్రాజెక్టు అంటే దుకాణంలో చార్టు కొని, నాన్న చేత బొమ్మలు అతికించుకుని పోవడమే అని అంతవరకు మేము అనుకునేవాళ్లము. ఇక్కడ ఒకే విషయం మీద నాలుగైదు నెలలు ఊళ్లో తిరగాలి, మనుషులను అడగాలి, రాసినది జట్టు ముందు చదవాలి. బడివారు దీన్ని సరికొత్త పద్ధతిగా చెప్పుకుంటారు కాని, అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త ప్రాజెక్టు పద్ధతి గురించి 1918లోనే రాశారు. పని ద్వారా చదువు అన్న గాంధీగారి ఆలోచన మీద 1937లో వార్ధాలో మహాసభే జరిగింది. కొత్తదనం మాట అటుంచి, చెప్పిన పద్ధతిని మానకుండా నడుపుతున్నారన్నది మాత్రం నిజం.

మా వాడు పాత బడిలో అర్థమైనా కాకపోయినా తల ఊపే పిల్లవాడు. తప్పు రాశానేమోనని రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి చిల్లులు పెట్టేవాడు. కొత్త బడిలో ప్రాజెక్టు పుస్తకంలో రబ్బరు వాడకూడదు; తప్పును ఒక్క గీతతో కొట్టివేసి పక్కన తేదీ వేయాలి. మొదటి నెలలో ఆ నియమం చూసి వాడు ఏడ్చినంత పని చేశాడు.

ఏడో తరగతిలో వాడి జట్టుకు ప్రాజెక్టు విషయంగా మన చిన్న రైలు వచ్చింది. నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు రాజావారు వేయించిన, 2 అడుగుల 6 అంగుళాల ఎడమున్న పట్టాల మీద నడిచిన బండి అది. 1900లో ఆ దారి మొదలైందనీ, మొదటి నుంచీ గుణుపురం దాకా ఉండేదనీ వాడు రాశాడు. ఆధారం మా నాన్నగారు. ఆయన ఆ బండిలో గుణుపురం వెళ్లి వస్తూ ఉద్యోగం చేసిన మనిషి; ఆయన మాటకు మా ఇంట్లో తిరుగు లేదు. జట్టులో ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి మాత్రం గుణుపురం దాకా పట్టాలు పడినది 1931లో అని పుస్తకం తెచ్చి చూపించింది. తాతయ్యను అబద్ధాలకోరు అన్నారని మా వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. దీదీ (అక్కడ పంతులమ్మను అలాగే పిలుస్తారు) తప్పొప్పులు తేల్చకుండా, తాతగారిని ఇంకొక్కసారి అడిగి రమ్మన్నారట. అడిగితే ఆయన నవ్వి, "నేను పుట్టేసరికే బండి గుణుపురం పోతోంది, మరి నాకు అదే మొదలు కదరా!" అన్నారు. శుక్రవారం అందరూ చుట్టూ కూర్చున్నప్పుడు వాడు లేచి, తాను రాసింది తప్పనీ, తాత చెప్పింది తన వయసుకు నిజమనీ చెప్పాడట. ఆ పేజీ నేను చూశాను: పాత వాక్యం మీద ఒకే గీత, పైన 1931, పక్కన తేదీ. కాగితానికి చిల్లు లేదు.

ఆ జట్టులోనే కొండ మీది ఊరి నుంచి వచ్చిన సవర పిల్ల ఒకతె ఉండేది. చింతపండు, కొండచీపుర్లు బండిలో వేసుకుని అమ్మకానికి వెళ్లిన ఒక సవర ముసలాయనను ఆ పిల్ల సవరలో అడిగి, ఒడియాలో చెబితే, మా వాడు తెలుగులో రాసుకున్నాడు. మాటకు మాట అడ్డు తగిలే వాడు, ముసలాయన చెప్పడం ముగిసి, ఆ పిల్ల నోరు తెరిచేదాకా ఆగడం అక్కడే నేర్చుకున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు చదువు చెప్పించిన ఊరు కదా ఇది. ఆ ముచ్చట కూడా ఈ పిల్లల వల్లనే మా ఇంట్లో మళ్లీ వినబడింది.

ఇక కష్టాలు. అందరూ అందరికీ తెలిసిన చోట గొడవ వస్తే దాగడానికి మూల ఉండదు. ఎనిమిదో తరగతిలో మా వాడికీ, వాడి స్నేహితుడికీ మాటలు లేకుండా పోయాయి. దాన్ని నలుగురిలో కూర్చోబెట్టి మాట్లాడించారు, వారం వారం మాట్లాడించారు. పిల్లవాడికి కావలసినది కొన్నాళ్లు వదిలేయడం. ఆ మాటే మేము చెబితే, "మనమంతా ఒక కుటుంబం కదండీ" అన్నారు. కుటుంబం అన్న తరువాత ఫిర్యాదు ఎలా చేస్తాము? నెల రోజులు వాడు కడుపునొప్పి వంకతో బడి ఎగ్గొట్టాడు.

లెక్కల్లో సాధన చాలదు. భిన్నాలు ఎందుకో చక్కగా చెప్పగలడు, పది లెక్కలు వరుసగా ఇస్తే నాలుగు తప్పుతాయి. మెట్రిక్ పరీక్ష ముందున్నది కనుక ఇప్పుడు సాయంత్రం ట్యూషన్ పెట్టించాము. తెలుగు బోధన అసలే లేదు. వాచకాలు పాతపట్నం నుంచి తెచ్చి ఇంట్లో మేమే చెప్పుకున్నాము. మార్కులకు బదులు రెండు పేజీల వర్ణన ఇస్తారు. దాన్ని చదివి నా కళ్లు చెమర్చాయి కాని, తొమ్మిదిలో చేర్చుకునే బడివారు శాతం ఎంత అని అడిగి రెండుసార్లు తిప్పారు.

పరీక్షల ర్యాంకు మీదే దృష్టి ఉన్నవారికి ఈ బడి నేను చెప్పను. మాట పెగలని, తప్పుకు జడిసే పిల్లలు ఉన్నవారు మాత్రం ఒక శుక్రవారం వెళ్లి, ఆ గుండ్రంగా కూర్చునే సభను వెనక నుంచి చూడండి, రానిస్తారు. మా అమ్మాయిని ఏప్రిల్‌లో అక్కడే ఆరో తరగతిలో వేస్తున్నాము. లెక్కల పుస్తకం ఈసారి మొదటి వారం నుంచే ఇంట్లో చేయిస్తాము.