ఏ రంగు గింజ పడింది? పెదనాన్నగారి కాలికి వైద్యం చేసిన చర్మ విభాగం గురించి

మా పెదనాన్నగారి కుడి పాదానికి పద్నాలుగు నెలలుగా వైద్యం చేస్తున్న ఒక బోధనాసుపత్రి చర్మవ్యాధుల విభాగం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి గోదావరి జిల్లాల్లోనే ఉంది. అక్కడి మంచితో పాటు లోపాలను కూడా చెప్పదలచుకున్నాను కనుక పేరు రాయడం లేదు. నెలల తరబడి మానని కాలి పుండుతో తిరుగుతున్నవారికి ఆసుపత్రి పేరు కన్నా, అక్కడ ఏ వరుసలో చూశారు, ఏం అడిగారు అన్నదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

పెదనాన్నగారిది వైనతేయ పాయ ఒడ్డున లంక గ్రామం. ఐదేళ్ల క్రితం కొబ్బరి తోట చుట్టూ సర్కారు తుమ్మ కంపతో దడి కడుతుండగా అరికాల్లో ముల్లు దిగింది. పిన్నీసుతో తీసి, పసుపు అద్దుకుని, ఆ సంగతి మరిచిపోయారు. కొన్ని నెలల తరువాత పాదం పైభాగాన గోళీ అంత గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు, నడకకు అడ్డమూ లేదు. ఈ జబ్బు మనిషిని మోసం చేసేది సరిగ్గా ఇక్కడే: నొప్పి ఉంటే దాళ్వా కోతలు ఆపుకునైనా డాక్టరు దగ్గరకు వెళ్లేవారు. మన జిల్లాల్లో కాలు వాచిందంటే ముందుగా వచ్చే మాట బోదకాలు. రాత్రిపూట రక్తం తీసి చూస్తే ఫైలేరియా లేదన్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దాన్ని ఆనె అన్నాడు. ఆ తరువాత దగ్గరి పట్నంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో రెండుసార్లు కోసి గడ్డ తీశారు. తీసిన ముక్కను రెండుసార్లూ పరీక్షకు పంపలేదు. పైన కారుతున్న చీమును మాత్రం దూదిపుల్లతో అద్ది పంపి, అందులో కనిపించిన మామూలు బాక్టీరియాకు యాంటీబయాటిక్స్ రాశారు. ప్రతిసారీ మూడు నాలుగు నెలలకు పాత కుట్ల పక్కనే కొత్త రంధ్రాలు పడి, రసి కారడం మొదలయ్యేది.

చివరకు రెండు బస్సులు మారి ఈ బోధనాసుపత్రికి తీసుకెళ్లాం. ఓపీ చీటీకి గంటన్నర, విభాగం బయట బల్ల మీద మరో రెండు గంటలు పట్టింది. అది అన్ని పెద్దాసుపత్రులలో ఉండేదే కనుక దాని గురించి ఎక్కువ చెప్పను. లోపల పీజీ చదువుతున్న ఒక అమ్మాయి కట్టు విప్పించి, పాదాన్ని రెండు వైపులా నొక్కి చూసి, అడిగిన మొదటి ప్రశ్న ఇది: "తాతగారూ, ఈ రంధ్రాల్లోంచి ఎప్పుడైనా గింజల్లాంటివి పడ్డాయా?"

"పడ్డాయమ్మా, బొంబాయి రవ్వలాగా. గుడ్డకి అంటుకునేవి. చీమే గట్టిపడిందనుకున్నాను."

"ఏ రంగు?"

నాలుగేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. అడగనిదే ఆయన చెప్పలేదు. నాకు ఈ విభాగంపై గౌరవం కలిగింది ఆ క్షణానే.

ఆ రోజు మందు ఏమీ రాయలేదు. రంధ్రాల మీద శుభ్రమైన గాజుగుడ్డ వేసి కట్టి, దాన్ని తీయకుండా మరునాటి ఉదయం రమ్మన్నారు. ఆ రాత్రి ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే చుట్టాలింట్లో ఉండిపోయాం. ఉదయం కట్టు విప్పితే, ఆరిన రసి మరకల మధ్య తెలుపు, లేత పసుపు కలిసిన రంగులో నాలుగైదు గింజలు అంటుకుని ఉన్నాయి. ఆ అమ్మాయి సూది మొనతో ఒకదాన్ని తీసి, గాజు పలక మీద నలిపి, రంగు వేసి, నన్ను కూడా మైక్రోస్కోపులో చూడమంది. సాలెపట్టు కంటే సన్నని పోగులు చిక్కుపడి కనిపించాయి. ఆ పోగు ఒక మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నగా ఉంటే బాక్టీరియా అని, అంతకు కొన్ని రెట్లు లావుగా, గదులుగదులుగా కనిపిస్తే శిలీంధ్రం అని, తమ వైద్యమంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుందని వివరించింది. తరువాత లోతు నుంచి ముక్క తీసి బయాప్సీకి (ముక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష), కల్చర్‌కు (అందులోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) పంపారు. పైపైన అద్దిన చీములో తరువాత వచ్చి చేరిన సూక్ష్మజీవులే కనిపిస్తాయి తప్ప అసలు దోషి దొరకదని అప్పుడే తెలిసింది.

జబ్బు పేరు మైసిటోమా. 1842లో మదురైలో జాన్ గిల్ అనే వైద్యుడు దీన్ని గుర్తించి రాశాడు. అందుకే దీనికి మదురా పాదం అన్న పేరు నిలిచింది. మైసిటోమా అన్న పేరు పెట్టినవాడు బొంబాయిలో పనిచేసిన వాండైక్ కార్టర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది మాత్రం 2016లో! కారక జీవులు మట్టిలోను, ముళ్ల మీద ఉంటాయి. గాయం ద్వారా చర్మం కిందికి దిగి, గింజల్లా గుంపు కట్టి, మెల్లగా కండను, ఆపైన ఎముకను తింటాయి. ఒకరి నుంచి మరొకరికి అంటదు. ఈ మాటను పెదనాన్నగారి ముందే గట్టిగా చెప్పమని నేను ప్రత్యేకంగా అడిగాను, ఎందుకంటే అప్పటికి ఆయన తన కంచం, చెంబు విడిగా పెట్టుకుని ఏడాది దాటింది.

నల్ల గింజ పడితే శిలీంధ్రమని అర్థం. దానికి ఇట్రాకొనజోల్ బిళ్లలు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం వాడి, గడ్డను సమూలంగా కోసి తీయాలి. అయినా తిరగబెట్టడం, పాదం తీసేయాల్సి రావడం ఉన్నాయి. ఎర్ర గింజ బాక్టీరియా గుర్తు. తెలుపు, పసుపు రంగులకు మాత్రం రంగు ఒక్కటే చాలదు, రెండు రకాలలోనూ అవి ఉంటాయి కనుక మైక్రోస్కోపు, బయాప్సీ, కల్చర్ తప్పవు. మూడు వారాలకు వచ్చిన కల్చర్ ఫలితంలో ఆక్టినోమదురా మదురే అని రాసి ఉంది. అది బాక్టీరియా, అంటే మందులతో లొంగే రకం. ఈ లెక్కన ఆ నర్సింగ్ హోమ్‌లో చేసిన రెండు కోతలు అవసరం లేనివే.

వైద్యం మెక్సికోకు చెందిన వెల్ష్ బృందం 1987లో ప్రకటించిన పద్ధతిలో సాగింది. శరీర బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన అమికాసిన్ ఇంజెక్షన్ రోజూ 21 రోజులు, దానితో మొదలుపెట్టి మొత్తం 35 రోజులు కోట్రైమోక్సజోల్ బిళ్లలు వాడాలి. ఇది ఒక విడత. ఇంజెక్షన్ ఆగిన రెండు వారాలలో మూత్రపిండాల పరీక్ష, వినికిడి పరీక్ష చేసి, రెండూ బాగుంటేనే తరువాతి విడతకు వెళ్తారు, ఎందుకంటే అమికాసిన్ ఆ రెంటినీ దెబ్బతీయగలదు. కోట్రైమోక్సజోల్‌లో సల్ఫా మందు ఉంటుంది కనుక, సల్ఫా మందులు గతంలో పడలేదా అని అడిగారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే బిళ్లలు ఆపి రమ్మని, మంచినీళ్లు బాగా తాగమని రెండుసార్లు చెప్పారు. మొదటి విడత వార్డులోనే జరిగింది. రెండో విడత ఇంజెక్షన్లను మా ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చేయించుకునేలా ఉత్తరం రాసిచ్చారు. దానివల్ల మాకు మిగిలిన బస్సు ఛార్జీ కన్నా, పెదనాన్నగారు రాత్రిళ్లు తన అరుగు మీద పడుకోగలగడమే పెద్ద మేలు.

ఐదు నక్షత్రాలు ఇవ్వకపోవడానికి కారణాలు ఉన్నాయి. వినికిడి పరీక్ష వేరే భవనంలో జరుగుతుంది. మొదటిసారి వెళ్తే యంత్రం మరమ్మతులో ఉందని తిప్పి పంపారు. ఈ వైద్యంలో ఆ పరీక్ష తప్పనిసరి కనుక విభాగమే ముందుగా కనుక్కుని చెప్పి ఉండాల్సింది. మందుల కిటికీ దగ్గర చీటీలో 35 రోజులని ఉన్నా వారం రోజుల బిళ్లలే ఇచ్చేవారు. మిగతావి బయట కొన్నాం. అవి ఖరీదైనవి కావు, కాని చదువు రాని మనిషి ఒంటరిగా వస్తే వారం తరువాత మందు అయిపోయిందనుకుని ఆపేస్తాడు. ఈ జబ్బులో మధ్యలో ఆపడమంటే మళ్లీ మొదటికి రావడమే. ఇంకో మాట: చెప్పులు లేకుండా తిరగొద్దని గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. ఊడ్పుల వేళ మోకాలి లోతు బురదలో ఏ చెప్పు నిలుస్తుందో ఆ బొమ్మ వేసినవారే చెప్పాలి. దడి కట్టేటప్పుడు, ఎండు కంప తొక్కే చోట, తోటలో మాత్రం చెప్పులు వేసుకోవచ్చు, పెదనాన్నగారు వేసుకుంటున్నారు.

మూడు విడతలు పూర్తయ్యాయి. ఇప్పుడు బిళ్లలు మాత్రమే నడుస్తున్నాయి. ఏడు రంధ్రాలలో ఏడూ మూసుకుని, ఆ చోట నల్లని గుంట మచ్చలు మిగిలాయి. వాపు బాగా తగ్గింది. ఎక్స్‌రేలో పాదం మధ్య ఎముక ఒకదాని అంచు కొరికినట్టు ఉండేది, అది మరింత పెరగలేదు. బిళ్లలు ఎప్పుడు ఆపాలన్నది వచ్చే ఎక్స్‌రే చూసి చెబుతామన్నారు. నా లెక్కలో ఈ విభాగానికి ఐదుకు నాలుగు.

ఇలాంటి పుండుతో ఏ ఆసుపత్రికి వెళ్లేవారైనా పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలతో పాటు, ముందు రాత్రి శుభ్రమైన గాజుగుడ్డతో కట్టు కట్టుకుని, దాన్ని విప్పకుండా అలాగే వెళ్లండి. డాక్టరు ఎదుటే విప్పించి, గుడ్డకు ఏమైనా అంటిందేమో చూడమని మీరే అడగండి.