ఈసీహెచ్ఎస్ కార్డున్నోళ్లు జర జాగ్రత్త, 'ట్యాక్సీ బిల్లు పాస్ చేపిస్త' అంటే నమ్మకుండ్రి

వరంగల్, హన్మకొండ, పరకాల, నర్సంపేట దిక్కు ఎక్స్ సర్వీస్‌మెన్ కుటుంబాలోళ్లు ఎవరన్న ఉంటే ఇది చదువుండ్రి, పదిహేను వేలు పోగొట్టుకోని రాస్తున్న. ఈసీహెచ్ఎస్ అంటే రిటైరైన సైనికులకు, వాళ్ల ఇంటోళ్లకు వైద్యం చేపించే సర్కారు స్కీం.

మా బాపు ఆర్మీల హవల్దార్ చేసి రిటైర్ అయిండు. అమ్మకు షుగర్ తోని కంట్ల రెటీనా వాసింది, నెలకో ఇంజక్షన్ వేపియ్యాలె, పాలీక్లినిక్ (ఈ స్కీం వాళ్ల దవాఖాన) నుంచి హైదరాబాద్ ఎంప్యానెల్ హాస్పిటల్‌కు, అంటే స్కీం తోని ఒప్పందం ఉన్న దవాఖానకు, రెఫరల్ రాసిచ్చిండ్రు. ఇంజక్షన్‌కు మా జేబుల నుంచి రూపాయి పోలే, క్యాష్‌లెస్, ఆ విషయంల ఏమనడానికి లేదు. పరేషానంత పోను రాను ఖర్చు కాడనే.

అప్పుడే హన్మకొండల ఒక ట్రావెల్స్ ఆయన తగిలిండు, పేరు ఎందుకులెండ్రి. "అన్నా మీది మిలిటరీ కార్డు కదా, కారుల పోండ్రి, మొత్తం పైసలు వాపస్ వస్తయ్, ఫైల్ నేనే తయారు చేస్త" అన్నడు. ట్రిప్పుకు 4,500 లెక్కన మూడు సార్లు పోయినం, పైన ఫైల్ ఖర్చని 1,500 తీస్కున్నడు, రెఫరల్ ఒరిజినల్ కాయితాలు గూడ ఆయన దగ్గర్నే పెట్టుకున్నడు. నేను గూడ సదువుకున్నోన్నే, ఒక్కసారి పాలీక్లినిక్‌ల అడిగితే ఐపోవు, అడగలే.

మొన్న బాపు, నేను ఫైల్ పట్టుకోని పోతే అక్కడి క్లర్క్ సార్ మూడు బిల్లులు పక్కపక్కన పెట్టిండు. నంబర్లు 41, 42, 43. నెలకొక ట్రిప్పు, బిల్లులేమో వరుస నంబర్లు, ఒకటే పెన్ను, ఒకటే చేతి రాత, బండి నంబర్ ఒక్కదాని మీద గూడ లేదు. "ఏం తమ్మీ, మూడు నెలల్ల ఈ బండికి మీరు తప్ప వేరే గిరాకి లేదా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని బాపు మొఖం చూడలేకపోయిన, ఇరవై నాలుగేండ్ల సర్వీసుల ఒక్క మాట పడని మనిషి. దొంగ బిల్లు పెట్టినట్టు తేలితే కార్డుకే ఎసరొస్తదని గూడ చెప్పిండు, ఫైల్ అట్లనే వాపస్.

అసలు ముచ్చట ఆయన చెప్తే తెల్సింది. స్కీం 2003 ఏప్రిల్‌ల మొదలైంది, ఇన్నేండ్లయినా ఈ ప్రయాణం పైసల సంగతి మనోళ్లల్ల శానమందికి తెల్వదు. మన ఊర్ల దొరకని వైద్యానికి బయటికి రెఫర్ చేస్తేనే అడగొచ్చు, అదీ సర్వీసుల ఉన్నప్పటి ర్యాంకుకు ఏ క్లాసు ఉండెనో ఆ రైలు కిరాయి వరకే, దగ్గరి దారి లెక్కన. మన ఇష్టానికి కారు మాట్లాడుకుంటే అది మన శోకు. తోడు పోయినోళ్ల కిరాయి గూడ అడగొచ్చు గని పేషెంట్ ఒక్కతే పోలేదని డాక్టర్ రాయాలె. మా రెఫరల్‌ల ఆ ముక్క లేనే లేదు, కండ్లు సరిగ కనవడని మనిషికి గూడ రాయించుకోవాలన్న సోయి మాకు లేకపాయె. పోకముందే అడిగి రాయించుకోండ్రి, వచ్చినంక రాయమంటే ఎవరు రాస్తరు.

ఒరిజినల్ కాయితాలు మాత్రం ఎవ్వనికీ ఇయ్యకుండ్రి. మావి రెండు వారాలు తిరిగితే గని ఇయ్యలే ఆ ట్రావెల్స్ ఆయన, ఫోన్ చేస్తే జనగామల ఉన్న, ఘట్‌కేసర్‌ల ఉన్న అనుడు. కార్డు ఫోటో, ఓటీపీ అడిగినా ఇయ్యొద్దు. బస్సుల పోతే టికెట్ ఆ రోజే జిరాక్స్ తీయించుండ్రి, ఆ మిషన్ టికెట్ మీద అక్షరాలు కొన్ని రోజులకే మాయమైతయ్.

పైసలడిగితే "బిల్లు ఇచ్చిన కదా, పాస్ కాకపోతే నేనేం చేయాలె" అంటున్నడు. 13,500 కారు ఎక్కినందుకు అనుకుంట, ఆ 1,500 మాత్రం వదల.

నాలుగో ఇంజక్షన్‌కు కాజీపేటల రైలెక్కినం, రెండు గంటల పైన పట్టింది సికింద్రాబాద్‌కు. ఈసారి తోడు సంగతి రెఫరల్‌ల రాయించినం. టికెట్లు బాపు ప్లాస్టిక్ కవర్ల పెట్టి చొక్కా లోపలి జేబుల దాసిండు, నాకు గూడ ఇయ్యలే.