పాత ల్యాప్‌టాప్, ఇరుకు బజారు: ఏ రౌటర్ మేలు?

"అన్నా, పాత ల్యాప్‌టాప్‌కి ఏ రౌటర్ తీసుకోవాలె? సిగ్నల్ ఫుల్ ఉంటది, వీడియో మాత్రం తిరుగుతనే ఉంటది." వారంలో ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతున్నారు. ఎక్కువమంది గ్రూప్స్‌కి చదువుతూ గదుల్లో ఉండే పిల్లలు. పోయిన నెల మా ఇంట్లోనూ ఇదే గోల.

మాది నల్లగొండ ప్రకాశం బజార్ వెనక సందు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ, కింద దుకాణాలు. ఫోన్‌లో వైఫై అనలైజర్ (చుట్టూ ఉన్న వైఫైలను చూపే యాప్) తెరిస్తే, వైఫై నడిచే రేడియో బ్యాండుల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో 27 నెట్‌వర్కులు, గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆ బ్యాండులో మనకు 13 చానళ్లున్నా, ఒకదానికొకటి తగలకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మూడే. అంటే మూడు నల్లాలు, 27 ఇళ్ల బిందెలు. సిగ్నల్ ఫుల్‌గా ఉందంటే నల్లా మన గుమ్మం ముందే ఉందని అర్థం, మన వంతు వచ్చిందని కాదు. నాలుగు యాంటెన్నాల రౌటర్ కొన్నా వంతు ముందుకు జరగదు.

ఇంకో బ్యాండు 5 గిగాహెర్ట్జ్. అందులో చానళ్లు చాలా ఎక్కువ. గోడలు సరిగా దాటదని దాన్ని తిడతారు గానీ, మా సందులో అదే వరం: పక్కింటివాళ్లదీ మన గోడ దాటి రాదు. అదే అనలైజర్‌లో అక్కడ కనిపించినవి నాలుగే.

కాబట్టి ముందు చూడాల్సింది రౌటర్ కాదు, ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ (అదే వైఫై కార్డు) పేరులో 'ఏసీ' (5లో నడిచే వైఫై తరం) అనో 'డ్యూయల్ బ్యాండ్' (రెండు బ్యాండులూ) అనో ఉంటే 5 వస్తుంది. పేరును బట్టి తేలకపోతే, రౌటర్‌లో 5కి వేరే పేరు పెట్టండి. అది ఫోన్‌కి కనిపించి ల్యాప్‌టాప్‌కి కనిపించకపోతే కార్డు 2.4దే అనుకోవచ్చు. 2013లో కొన్న నా ల్యాప్‌టాప్‌ది ఒంటి యాంటెన్నా 'ఎన్' (ఏసీకి ముందు తరం) కార్డు, 2.4 మాత్రమే వస్తుంది. రద్దీలో 20 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్ మీదే నడవాలి, అప్పుడు కాగితం మీదే దాని గరిష్ఠం 72 ఎంబీపీఎస్. దానికి ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా దండగే.

ఒకే బ్యాండు ఉన్న ఎన్300 రౌటర్ చవక. చుట్టుపక్కల ఇళ్లు లేని పొలం దగ్గరి ఇంటికి చాలు, బజారులో వద్దు. నేను తీసుకున్నది ఏసీ1200 డ్యూయల్ బ్యాండ్, ల్యాప్‌టాప్‌కి ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ (బయట పోర్టులో గుచ్చే చిన్న వైఫై కార్డు). ఈ డాంగిల్ దగ్గరే నేను మోసపోయాను. మొదట దుకాణంలో ఇచ్చింది గోరంత ఉంది, పెట్టె మీద '150' అని ఉంది. ఇంటికొచ్చి పెడితే అదీ 2.4దే! పెట్టె మీద 'ఏసీ600' అనో 'డ్యూయల్ బ్యాండ్' అనో చదివాకే డబ్బులివ్వండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టయినా 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి ఇబ్బంది లేదు.

వైఫై 6 రౌటర్ మంచిదే, ఇంట్లో కొత్త ఫోన్లు నాలుగైదు ఉంటే. పాత ల్యాప్‌టాప్‌కి మాత్రం అది కొత్త టెన్షన్: కొన్ని పాత ఇంటెల్ కార్డులకు పాత డ్రైవర్‌తో ఆ నెట్‌వర్క్ పేరే కనిపించదు. డ్రైవర్ అప్‌డేట్ చేయాలి, లేదా రౌటర్‌లో 'ఏఎక్స్' (వైఫై 6కే ఇంకో పేరు) మోడ్ ఆపాలి. సెక్యూరిటీ కూడా డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త పద్ధతి) ఒక్కటే పెడితే పాత కార్డు కలవకపోవచ్చు, డబ్ల్యూపీఏ2 కూడా ఉంచాలి.

రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే డబ్బా) జోలికి పోకండి. చవకవి అదే చానల్‌లో అదే మాట మళ్లీ చెప్తాయి, రద్దీ ఇంకా పెరుగుతుంది. రెండు గదులకు మెష్ (ఇల్లంతా కలిసి పనిచేసే రెండు మూడు రౌటర్ల సెట్టు) అక్కర్లేదు. ల్యాప్‌టాప్ ఎప్పుడూ బల్ల మీదే ఉంటే ల్యాన్ వైరు గుచ్చండి, ఈ గొడవే ఉండదు.

ఇంకొకటి. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన డబ్బాలోనే చాలాసార్లు 5 ఉంటుంది, ఒక్కోసారి ఆఫ్‌లో ఉంటుంది. మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో మా బామ్మర్దిది అట్లాగే దొరికింది. అది ఆన్ చేసి డాంగిల్ ఒక్కటి కొన్నాడు, రౌటర్ కొనే పనే పడలేదు.