కృష్ణన్ ముందా, గుహ ముందా?

చెన్నైలో పెరుగుతూ పక్షులన్నా చెట్లన్నా మనసుపడే మన తెలుగు పిల్లలు ఎవరిని చదవాలి? నాకు తోచేవి రెండు పేర్లు. ఒకరు ఈ ఊళ్ళోనే బతికి అడవుల మీదా జంతువుల మీదా రాసిన ఎం. కృష్ణన్ (1912–1996), ఇంకొకరు బెంగళూరులో స్థిరపడిన పర్యావరణ చరిత్రకారుడు రామచంద్ర గుహ. నేనైతే ముందు కృష్ణన్‌నే చేతిలో పెడతాను.

కృష్ణన్ తమిళ నవలాకారుడు మాధవయ్య కొడుకు. కొన్నేళ్ళు బళ్ళారి పక్కన సండూరు సంస్థానంలో ఉద్యోగం చేసి, తర్వాత రాతనూ ఫొటోలనూ నమ్ముకున్నారు. 1950లో స్టేట్స్‌మన్ పత్రికలో మొదలుపెట్టిన శీర్షికను పోయేదాకా వదల్లేదు. అడవి ఏనుగును ఎంత శ్రద్ధగా చూశారో, ఊళ్ళోని పిట్టలనూ అంతే శ్రద్ధగా చూశారు. చెన్నైలోని పళ్ళికరణై చిత్తడి నేల గట్టున నిలబడ్డవాళ్ళకు ముందు కావలసింది ఆ చూపే. ఏ కొంగ ఏదో పోల్చుకోలేనివాళ్ళకు, అది రావడం మానేసినా తెలియదు.

అయితే ఆ చిత్తడి నేల ఎందుకు కుంచించుకుపోయింది? పక్కనే పెరుంగుడి చెత్తకుప్ప ఎవరి నిర్ణయం? 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చేలోపు పోయింది ఎవరి బతుకుతెరువు? ఇలా అడగడం గుహ నేర్పుతారు. హిమాలయ గ్రామాలవాళ్ళు చెట్లను నరకనివ్వకుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమం 1973లో ఉన్నట్టుండి పుట్టలేదని, అడవి మీద హక్కు పోగొట్టుకున్న కొండరైతులు బ్రిటిష్ కాలం నుంచీ చేసిన పోరాటాలకు అది కొనసాగింపని 1989లో వచ్చిన 'ది అన్‌క్వయెట్ వుడ్స్'లో చూపించారు. అది చదివితే పల్నాడు గుర్తుకు రాకమానదు. పశువుల మేతకు పుల్లరి పన్ను కట్టబోమని ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్ళకు బలయ్యాడు. మన్యంలో అల్లూరి వెంట జనం నడవడానికి పోడు (అడవి నరికి చేసే సాగు) మీద ఆంక్షలూ ఒక కారణం. చిన్నప్పుడు స్వాతంత్ర్య పాఠంగా చదువుకున్న ఈ కథలు అడవి చరిత్ర కూడా.

ఇద్దరికీ పొసగని చోటు ఒకటుంది. అడవిని మనుషుల జోక్యం లేకుండా వదిలేయాలన్నది కృష్ణన్ పట్టు. అలాంటి ఆలోచన మన దేశంలో పేదల్ని అడవి నుంచి వెళ్ళగొడుతుందని గుహ 1989లోనే గట్టిగా విమర్శించారు. ఇక్కడ నేను గుహ పక్షమే. అయినా కృష్ణన్ వ్యాసాలను ఏరి 2000లో పుస్తకంగా తెచ్చింది గుహే! భారతీయ పర్యావరణ ఆలోచనాపరుల మీద 2024లో తెచ్చిన పుస్తకంలోనూ కృష్ణన్‌కు చోటిచ్చారు.

కృష్ణన్ వ్యాసాలు పొట్టివి, బడిపిల్లలు కూడా రోజుకొకటి చదవగలరు. చిప్కో పుస్తకానికి ఓపిక కావాలి. కాలేజీలో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో పోడు, పుల్లరి మాటలు వింటూ పెరిగినవాళ్ళు, నేరుగా దానితోనే మొదలుపెట్టవచ్చు.