సమాధి రాళ్ల రాత ఎక్కించడానికి బిలియన్‌గ్రేవ్స్, ఫైండ్ ఎ గ్రేవ్: మన తెలుగు రాళ్లకు ఏది నయం?

వంశ చరిత్ర వెతికేవాళ్లకు ఈ రంగంలో ఉచితంగా దొరికే పెద్ద సేవలు రెండు. ఒకటి 1995లో మొదలై, 2013లో వంశ చరిత్ర కంపెనీ యాన్సెస్ట్రీ చేతికి వెళ్లిన ఫైండ్ ఎ గ్రేవ్. రెండోది 2011లో వచ్చిన బిలియన్‌గ్రేవ్స్. రెండింటి సూచికలూ ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వంశ చరిత్ర వెబ్‌సైట్‌లో వెతకొచ్చు కాబట్టి ఎందులో ఎక్కించినా మన పని చుట్టాల కంట పడుతుంది. కానీ తెలుగు సమాధుల తోటలో దిగి పని చేసేటప్పుడు రెండూ ఒకటి కావు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: ఫొటోలు తీయడానికి బిలియన్‌గ్రేవ్స్, రాత భద్రపరచడానికి ఫైండ్ ఎ గ్రేవ్.

బిలియన్‌గ్రేవ్స్ యాప్‌లో ఫొటో నొక్కగానే ఆ చోటు కూడా దానితోపాటు నమోదవుతుంది. సిగ్నల్ లేని ఊళ్లో ఫొటోలు ఫోన్‌లోనే ఉంచుకుని, ఇంటికొచ్చి వైఫై మీద పంపించవచ్చు. లొకేషన్ ఆన్ చేశారో లేదో మొదటి ఫొటోకి ముందే చూసుకోండి. ఆకాశం తెరిపిగా ఉన్నచోట కూడా ఫోన్ చూపే స్థానంలో దాదాపు 5 మీటర్ల తేడా రావచ్చు. చెట్ల కింద ఇంకా ఎక్కువ. మన తోటల్లో సమాధులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి గనక ఆ 5 మీటర్లలో నాలుగైదు రాళ్లు పడతాయి. అందుకే ప్రతి వరుస మొదట్లో వరుస మొత్తం కనబడేలా ఒక ఫొటో తీసి, గేటు వైపు నుంచి వరుస నంబరు కాగితం మీద రాసుకోవాలి. ఒకే రాయికి రెండు వైపులా రాత ఉంటే ఆ ఫొటోలను యాప్‌లోనే జత చేయండి. లేదంటే వెనకవైపు రాత ఎవరిదో తెలియని ఫొటోగా మిగిలిపోతుంది.

దీని బలహీనత రాత దగ్గర బయటపడుతుంది. ఫొటోను చూసి వివరాలు నింపేది ఎక్కడో ఉన్న స్వచ్ఛంద సభ్యులు. తెలుగు రానివాళ్లకు తెలుగు రాయి చిక్కితే ఏం చేస్తారు? ఇంగ్లీషు రాయి మీద కూడా 4-7-1956 అని ఉంటే అమెరికా సభ్యుడు దాన్ని ఏప్రిల్ 7గా చదువుతాడు, మనకది జూలై 4. మీరు తీసిన ఫొటోల రాత మీరే ఎక్కించండి, ఇంకొకరికి వదలకండి.

ఏ యాప్ అయినా ఫొటో బాగుంటేనే రాత తేలుతుంది. అరిగిపోయిన నాపరాయి మీద మిట్టమధ్యాహ్నం అక్షరం కనబడదు. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడేటప్పుడు తీయాలి. రాయి నీడలో ఉంటే ఒకరు పొడుగాటి అద్దం పట్టుకుని ఎండను పక్కనుంచి రాయి మీదికి మళ్లిస్తే చెక్కిన గీతలో నీడ నిలబడి అక్షరం లేస్తుంది. మట్టి పోవడానికి మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. సుద్ద, పిండి, షేవింగ్ క్రీమ్ పూయొద్దు. బాత్రూమ్ ఆసిడ్ అసలే వద్దు, అది పాలరాయిని, నాపరాయిని తినేస్తుంది. ఇనుప బ్రష్‌తో గీకితే మిగిలిన అక్షరం కూడా పోతుంది. పని మొదలుపెట్టే ముందు చర్చి కమిటీ దగ్గర గానీ, పాస్టరుగారి దగ్గర గానీ అనుమతి తీసుకోండి.

రంగుల సంగతి విడిగా చెప్పాలి. నవంబరు 2న సమాధుల పండుగకు కుటుంబాలు రాళ్లకు సున్నం వేసి, అక్షరాల్లో నల్లరంగు నింపిస్తాయి. రంగు నింపేవాడు అరిగిన 3ను 8 చేయడం, ఒత్తు వదిలేయడం మామూలే. చదవాల్సింది రంగును కాదు, ఉలి గీతను. రెండూ వేరుగా కనబడితే రెండూ రాయండి.

ఇక ఫైండ్ ఎ గ్రేవ్. ఇందులో ప్రతి మనిషికీ ఒక పేజీ, దానికో నంబరు, తల్లిదండ్రుల పేజీలతో, భార్యాభర్తల పేజీలతో కలిపే వీలు ఉంటాయి. మనకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇన్‌స్క్రిప్షన్ పెట్టె. రాయి మీది తెలుగంతా తెలుగులోనే, ఏ వరుస ఆ వరుసగా, తప్పులతో సహా అందులో పెట్టండి. కనబడని అక్షరాలకు చదరపు బ్రాకెట్లు, అనుమానమైన చోట ప్రశ్నార్థకం. "ప్రభువునందు నిద్రించిరి" అని ఉంటే దాన్ని మరణించిరి అని మార్చకండి. "నా మట్టుకైతే బ్రదుకుట క్రీస్తే" అన్న వచనంలో "బ్రదుకుట"ను దిద్దకండి. పాత రాళ్ల మీద వలపలగిలక, అంటే అక్షరానికి ముందు పలికే ర్‌ను చూపే పాత గుర్తు, ఉంటుంది: ధర్మయ్య అన్న పేరు ధమ౯య్య అని కనబడుతుంది. అక్కడున్నది తొమ్మిది అంకె కాదు. తెలుగు అంకెల్లో ౦, ౧ అరిగితే ఒకేలా ఉంటాయి. ౨, ౩ కూడా అంతే. ద-ధ, డ-ఢ తేడా చూపే చిన్న గీత అన్నిటికంటే ముందు చెరిగిపోతుంది.

పేరు గడులు మాత్రం మన పద్ధతికి అమరవు. రాయి మీద "కె. మరియమ్మ" అనే ఉంటే కె అంటే ఏ ఇంటిపేరో ఊహించి నింపకండి, చివరి పేరు గడిలో కె మాత్రమే పెట్టండి. భార్య అని రాసి ఉంటే భర్త పేజీతో కలపండి, పుట్టింటి పేరు తెలిస్తే దానికి వేరే గడి ఉంది. వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగు రకరకాలుగా ఉంటుంది కాబట్టి అనుమానమున్న అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం, అక్షరాల గుంపు స్థానంలో నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు.

వయస్సు మాత్రమే ఉన్న రాయికి పుట్టిన సంవత్సరం లెక్కగట్టి నింపడం పెద్ద తప్పు. "62వ యేట" అంటే నిండినవి 61. సంవత్సరం పేరుతో తేదీ చెక్కిన సమాధులూ ఉంటాయి. రక్తాక్షి అంటే 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు. రాయి తీరు చూసి మొదటిదే అని తేలినా, పుష్య మాసం అని ఉంటే అది 1924 డిసెంబరు చివర మొదలై ఎక్కువగా 1925 జనవరిలో పడుతుంది.

మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చి సమాధుల దగ్గర ఇంకో చిక్కు. డచ్చివాళ్ల తేదీలు ఎక్కువగా కొత్త (గ్రెగోరియన్) క్యాలెండరులో ఉంటాయి, ఇంగ్లీషువాళ్లు 1752 దాకా పాత (జూలియన్) క్యాలెండరులో, మార్చి 25న మొదలయ్యే సంవత్సరంలో రాశారు. 1698/9 లాంటి తేదీ కనబడితే రెండు సంవత్సరాలూ అలాగే ఎక్కించండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇలాంటి రాతలు చాలావాటిని బ్రిటిష్ అధికారి జె.జె. కాటన్ 1905లో అచ్చు వేయించాడు. ఇప్పుడు చెరిగిపోయిన వరుసలు అందులో దొరకొచ్చు, కానీ మీరు రాయి మీద చూసినదీ, అక్కడ చదివినదీ కలిపేయకండి. బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్న మద్రాసు చర్చి రిజిస్టర్లతో పోల్చితే మరణం తేదీ ఏదో, సమాధి చేసిన తేదీ ఏదో తేలుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఫైండ్ ఎ గ్రేవ్‌లో ఫొటో అడిగే సదుపాయం పనికొస్తుంది. అడిగేటప్పుడు ఊరి పేరొక్కటే ఇస్తే ఫలితం ఉండదు. లూథరన్, బాప్టిస్టు, కథోలిక తోటలు చాలా పట్టణాల్లో వేర్వేరు, వెళ్లినవాళ్లు తప్పు తోటలో తిరిగి వెనక్కి వస్తారు. ఏ సంఘం, ఇంటిపేరు పూర్తిగా, తండ్రి లేక భర్త పేరు, రాయి మీద తెలుగులో ఉండొచ్చా ఇంగ్లీషులోనా అన్నవి నోట్‌లో రాయండి. పేరును తెలుగు లిపిలో కూడా పెట్టండి, చూసేవాళ్లు రాయితో అక్షరం అక్షరం పోల్చుకోగలుగుతారు.