గండికోట ప్రయాణం: జమ్మలమడుగు దాటాకే అసలు లెక్క

కడప జిల్లాలో పెన్నా నది లోయ అంచున ఉన్న గండికోట వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది బెంగళూరు నుంచి ఎంత దూరం, హైదరాబాద్ నుంచి ఎంత దూరం అని. జమ్మలమడుగు దాకా ఇబ్బందేమీ లేదు. కడప నుంచి, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సులు బాగానే ఉంటాయి. చిక్కంతా జమ్మలమడుగు నుంచి కోట దాకా ఉన్న 15 కిలోమీటర్లదే.

గండికోట ఊరు చిన్నది, అదీ కోటగోడల లోపలే ఉంది. ఆర్టీసీ బస్సు ఆ కొద్దిమంది అవసరాన్ని బట్టి నడుస్తుంది. బజారు పని, ఆస్పత్రి, పిల్లల చదువు చూసుకుని వేళలు పెడతారు గానీ సూర్యోదయం చూడాలని వచ్చేవాళ్ల కోసం పెట్టరు. అందుకే జమ్మలమడుగు బస్టాండులో దిగగానే గండికోట నుంచి చివరి బస్సు ఎన్నింటికో అడగండి. వెళ్లే బస్సు సంగతి ఆ తర్వాత. ఆటో అయితే రానుపోనూ, అక్కడ ఆగే గంటలతో సహా ఒకే రేటు మాట్లాడుకోండి. పోయేందుకు మాత్రమే మాట్లాడుకుని దిగిపోతే, చీకటి పడ్డాక కోట దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం.

రైలు మీద వచ్చేవాళ్లకు గుంతకల్లు–రేణిగుంట లైన్లో ముద్దనూరు దగ్గరి స్టేషన్, కోటకు సుమారు 26 కిలోమీటర్లు. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు. టికెట్ తీసుకునే ముందు హాల్ట్ చూసుకోండి, లేదంటే ఎర్రగుంట్లలో దిగి బస్సు పట్టుకోవడం మేలు. నంద్యాల–ఎర్రగుంట్ల లైన్ వచ్చాక జమ్మలమడుగులోనూ స్టేషన్ ఉంది గానీ బళ్లు తక్కువ. వాటిని నమ్ముకుని ప్రయాణం కట్టొద్దు.

ఇలాంటి ఊళ్లకు బయల్దేరే ముందు 2011 జనగణన జిల్లా పుస్తకం తిరగేయడం మంచి అలవాటు. ఊరి జనాభా పక్కనే బస్సు, రైల్వే స్టేషన్, బ్యాంకు లాంటివి ఉన్నాయా అని ఉంటుంది. లేకపోతే ఎంత దూరమో అక్షరాల్లో ఇస్తారు: 5 కిలోమీటర్ల లోపు ‘ఎ’, 5 నుంచి 10 ‘బి’, ఆపైన ‘సి’. అయితే అందులో బస్సు ఉందని రాస్తే ఊరికి బస్సు వస్తుందనే అర్థం. రోజుకెన్నిసార్లో ఆ గడి చెప్పదు. జనాభా అంకె కూడా మొత్తం రెవెన్యూ గ్రామానిది, అంటే శివారు పల్లెలుంటే వాటినీ కలిపి.

బసకు పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు కొంచెం ముందే ఉంది. సొంత బండి లేనివాళ్లకు ఇదే సరైన చోటు, కోటకు నడిచి వెళ్లొచ్చు. గదులు కొన్నే, శని ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి. గుడారాల్లో ఉండాలనుకుంటే డబ్బు కట్టకముందే మరుగుదొడ్డి, తాగునీళ్లు, రాత్రి వెలుతురు గురించి అడగండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో లాడ్జి తీసుకోవడమే నయం, కాకపోతే తెల్లవారుజామున బండి కావాలి. ఏటీఎం పని, మందులు, నీళ్ల సీసాలు జమ్మలమడుగులోనే చూసుకోండి. భోజనం ఎక్కడ చేసినా ముందే చెప్పి పెట్టాలి. మనిషి లెక్కన వండే చోట వేళకు వెళ్లి అడిగితే అన్నం ఉండదు.

లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, మధ్య సందుల్లో కాలు ఇరుక్కునేంత ఖాళీ. పైకి స్థిరంగా కనిపించిన రాయి కూడా అడుగేస్తే కదులుతుంది. అరిగి నున్నబడిన చెప్పులతో, వాన పడిన రోజున, అంచుకు పోవద్దు. కింద పెన్నలో నీళ్లు ఎంతున్నాయన్నది ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం డ్యాం మీద ఆధారపడి ఉంటుంది.

మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం దగ్గరదగ్గరే. తొందర పడకుండా చూస్తే మూడు గంటలు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక బండ కాలిపోతుంది. మర్నాడు బెలుం గుహలకు పోవాలంటే సుమారు 60 కిలోమీటర్లు. బస్సులు మారుతూ పోతే పూట గడిచిపోతుంది, నలుగురు కలిస్తే కారు మాట్లాడుకోవడం మంచిది.